బేగమ్మ గుమ్మటానికి చీర

మొన్నామధ్య మా పక్క వీధి పచారీ కొట్టు ముందు నిలబడి శొంఠి బేరం ఆడుతున్నాను. బేరం మంచి పట్టులో ఉంది. నేను మొహం చిట్లించి రెండడుగులు వెనక్కి వేయాల్సిన ఘట్టం వచ్చింది. "ఉండమ్మా, ఉండు" అని కొట్టతను పిలిచే ఘట్టం దాని తరవాతది. సరిగ్గా అప్పుడే కొట్టు వెనక ఎవరో రోట్లో కరక్కాయలు దంచడం మొదలుపెట్టారు. పక్కనే పాత బెల్లం బుట్ట మూత తీసి ఉంది. ఆ వగరూ ఈ తీపీ కలిసి ఒక్కసారిగా ముక్కుకు తగిలాయి. నేను వెనకడుగు వేయడం మరిచిపోయాను. అతను అడిగినంతా ఇచ్చేసి, సంచీ పట్టుకుని అలాగే నిలబడ్డాను. ఇరవై ఏళ్ళుగా నన్నెరిగిన మనిషి, కంగారుపడిపోయాడు. "ఏటమ్మా, ఒంట్లో బాగోనేదేటి?" అంటూ బెంచీ చూపించాడు.

ఒంట్లో బాగానే ఉంది. పైడమ్మ గుర్తొచ్చింది, అంతే. కరక్కాయ నీళ్ళూ బెల్లం నీళ్ళూ కలిసిన ఆ వాసన ఆమె చీర చెంగుదీ, ఆమె చేతులదీ. ఆమె సున్నం మేస్త్రి. నాకు బేరం రాదని నాకు మొట్టమొదట చెప్పిన మనిషి కూడా ఆమే.

మాది శ్రీకాకుళం బజారులో మూడు తరాలుగా ఉన్న ఇనప సామాన్ల కొట్టు. మేకులు, తలుపు బందులు, రంగులు, సిమెంటు. మా ఇంట్లో పిల్లలకు నడక కన్నా ముందు బేరం వస్తుంది. మా నాయనమ్మ దేవుడికి మొక్కుకునేటప్పుడు కూడా ముందు సగం మొక్కే చెప్పేది; పని జరిగే తీరు చూసి మిగతా సగం. నా పెళ్ళిచూపులకు వచ్చినవారు తెచ్చిన ద్రాక్షపళ్ళు ఎక్కడ కొన్నారో అడిగి, మోసపోయారని వాళ్ళ మొహాన్నే చెప్పాను. అయినా ఆయన నన్ను చేసుకున్నాడు. పాపం, బేరం తెలియని మనిషి. నాన్నకు మోకాళ్ళు పట్టేసి కొట్టుకు రావడం తగ్గాక గల్లా దగ్గర నేను కూర్చున్నాను. అప్పటికి నాకు ముప్ఫై నిండలేదు. ఎదుటివాడి కళ్ళు చూసి అతనికెంత తొందరో కనిపెట్టేదాన్ని. తొందరలో ఉన్నవాడితో బేరమంత సుఖం ఇంకోటి లేదు.

అలా తొందరగా వచ్చినవారే అప్పలనాయుడుగారు. నాగావళి ఒడ్డున ఒక చిన్న ఊరికి ప్రెసిడెంటు. ఊరి పేరు మాత్రం రాయను. రాస్తే ఇందులో ఒక సంగతి చదివి అక్కడి జాతర కమిటీవాళ్ళు నా మీదికొస్తారు. ఆ ఊళ్ళో బేగమ్మ తోట ఉంది. తోట నడుమ గుమ్మటం, గుమ్మటం కింద సమాధి. గోల్కొండ పాదుషాల నాడు ఈ తీరాన్ని ఏలడానికి వచ్చిన ఒక నవాబు, ఇక్కడే కన్నుమూసిన తన బేగం కోసం కట్టించాడని చెబుతారు. పేరు చెక్కిన రాయి ఎప్పుడో విరిగిపోయింది. పేరు పోయాక 'బేగం' ఒక్కటే మిగిలింది. ఊరివాళ్ళ నోట అది బేగమ్మ అయింది. ఇక మా వైపు బేగి అంటే త్వరగా అని కదా, బేగమ్మ తల్లి అడిగినవన్నీ బేగి ఇస్తుందని జనం నమ్మకం. బదిలీ కాగితం రావలసినవాళ్ళు, పరీక్ష ఫలితాల కోసం చూసేవాళ్ళు, నెలలు నిండిన కోడళ్ళు ఉన్న అత్తలు, అందరూ అక్కడికే. ఏటా జాతర. శ్రీకాకుళం నుంచి సాయిబుల కుటుంబాలు వచ్చి సమాధి మీద పూల దుప్పటి కప్పి వెళతాయి. ఊరివాళ్ళు పసుపూ కుంకుమా గుమ్మం బయటే పెడతారు. ఎవరి మర్యాద వారిది. ఎప్పుడూ తగువు రాలేదు.

"గుమ్మటం కారతన్నాదమ్మా. జాతర రెండున్నర నెలలున్నాది. బేగి అయిపోవాల. సిమెంటు, పైన తెల్ల సిమెంటు, దాని మీద మెరిసే రంగు. ఎంత కావాలో నువ్వే వచ్చి లెక్కగట్టు" అన్నారు నాయుడుగారు.

ఆ కళ్ళలోని తొందర చూసి నా మనసు లోపల చిన్న గంతు వేసింది. ఆ మధ్యాహ్నమే స్కూటరు తీశాను.

నాలుగు వైపులా ఎత్తైన గోడ. లోపల కొలబద్ద పెట్టి గీసినట్టు చదరంగా తోట. రెండు దారులు నడుమ కలిసి దాన్ని నాలుగు సమాన ముక్కలుగా కోస్తాయి. ఆ దారుల వెంబడి ఒకప్పుడు కాలువలు పారేవట. ఏట్లోంచి మోటతో తోడి, ఎత్తు మీది తొట్టెలో పోసి, నాలుగు దిక్కులకూ నీళ్ళు వదిలేవారట. నేను చూసేనాటికి ఆ రాతి కాలువల్లో కౌలురైతు వంగమొక్కలు వేశాడు. దారులు కలిసేచోట అరుగు, అరుగు మీద నాలుగు గుమ్మాల గది, కిటికీలకు రాతి జల్లెడలు, ఆపైన గుమ్మటం. అరుగు మీద ఒక ముసలావిడ కాళ్ళు బారజాపుకుని, గోడ నుంచి రాలిన గచ్చుముక్కను నాలిక చివర ఆనించి రుచి చూస్తోంది.

"ఓలమ్మ, సిమెంటు సావుకారమ్మ వచ్చినాది" అంది నన్ను చూడకుండానే. స్కూటరు మీద మా కొట్టు పేరు ఉందిలెండి.

"ఏంటది తింటున్నావు?"

"ఉప్పున్నాదేమో సూస్తన్నాను. సంద్రం ఇసక కలిపేడేమోనని అనుమానం. నేదు. ఏటి ఇసకే. మంచి మేస్త్రి." అని ఆ ముక్కను కళ్ళకద్దుకుని పక్కన పెట్టింది.

ఆమే పైడమ్మ. ఏటా జాతరకు అరుగు కడిగి గోడలకు సున్నం వేయడానికి కమిటీవాళ్ళు పిలిచే మనిషి. నేను టేపు తీసి గుమ్మటం చుట్టూ కొలతకు బయలుదేరబోతుంటే "ఆగు" అంది. చెంబులోంచి చేత్తో నీళ్ళు తీసి పాత గోడ మీద చిలకరించింది. చుక్కలు గోడలోకి ఇంకి మాయమయ్యాయి. నాలుగడుగులు పక్కకి జరిగి, కొన్నేళ్ళ కిందట ఎవరో మెత్తిన సిమెంటు అతుకు మీద చిలకరించింది. నీళ్ళు జారి కిందికి పోయాయి. అతుకు చుట్టూ పాత సున్నం ఉబ్బి, పొరలు పొరలుగా లేచి ఉంది.

"ఇది నీళ్ళు తాగుతాది, ఎండకి మల్లా ఇడిసేస్తాది. మనిసి ఊపిరిలాగ. నీ సరుకు దీని ముక్కు మూసేసినాది. లోపల సేరిన తడి ఎటెల్తాది? ఉబ్బి సస్తాది."

"నా సరుకెందుకయింది? ఏ కొట్లో కొన్నారో!"

"ఆ సంచి ఇంకా నాకాడే ఉన్నాది. వాకిట్లో కాళ్ళు తుడుసుకోడానికి ఏసినాను. మీ బాబు బొమ్మున్నాది దాని మీద."

మా నాన్న తన ఫొటో సంచుల మీద వేయించుకున్న కాలం ఒకటుంది. నేను టేపు చుట్టేశాను. ఆ అతుకుకూ, అంటే గుమ్మటం కారడానికీ, మూలం మా కొట్టే. కొనేవాడి ఎదుట మాట తడబడడం నాకదే మొదలు. అందునా ఆమె కొనేది కూడా కాదు.

తరవాతి రోజుల్లో లెక్క సరిచూసుకునే వంకన మళ్ళీ మళ్ళీ వెళ్ళాను. నిజానికి ఆమె మాటల కోసం. ఆ గోడ ఆమెకు పుస్తకం. రాలిన చోట పొరలు చూపిస్తూ చెప్పేది. అన్నిటికన్నా లోపలిది గుడ్డు పెంకులా నున్నటి పొర, అది నవాబు మేస్త్రిది. దాని మీద లేత గులాబీ రంగు జమీందారు నాటిది. వాళ్ళు వన విహారాలకు వచ్చేవారట. దాని పైన మందపాటి వెల్ల, ఎవరో తెల్లదొర దీన్ని బంగళా చేసుకుని కాపురమున్నప్పటిది. "ఆ దొర సమాది మీద బల్లేసుకుని బువ్వ తిన్నాడంట. ఆ తల్లి ఏటనుకున్నాదో" అని నవ్వేది. ఆ పైన మన జాతరల నీలం, పసుపు, ఆకుపచ్చ.

చదరపు గది మీద గుండ్రటి గుమ్మటం ఎలా నిలబడిందో నాకెంతకీ అర్థమయ్యేది కాదు. మూలలు ఏమయ్యాయి? ఒకరోజు అడిగితే ఆమె తన అన్నం గిన్నె మీద కట్టిన గుడ్డ విప్పి నా ముందు పరిచింది.

"ఎన్ని మూలలు?"

"నాలుగు."

నాలుగు కొసలూ ఎత్తి పట్టుకుని మూటలా బిగించింది. "ఇప్పుడో?"

గుడ్డ గుండ్రంగా అయింది. పుట్టినప్పటి నుంచి మూటల మధ్యే పెరిగాను, ఒక్కనాడూ అలా చూడలేదు.

"మూలల్ని నరకనేదు. ఒంచినాడు. సూడు, నాలుగు మూలలకాడా సిన్న సిన్న కమానులు కట్టి ఎనిమిది సేసినాడు, ఎనిమిదిని పదారు సేసినాడు, పదారుకొచ్చేసరికి దానికే తెలీకుండా గుండ్రమైపోయినాది. బోర్లించిన మూట. సావుకారోళ్ళకి ఇంకెలగ సెప్పాల!"

గుమ్మటం ఒకటి కాదు, రెండని కూడా ఆమే చెప్పింది. ఒకదాని మీద ఒకటి బోర్లించిన కుండల్లా, నడుమ మనిషి వంగి దూరేంత ఖాళీ. "బయటది ఊరికి. ఏటి అవతలి నుంచి కూడా అవుపడాల. లోపలది ఆమెకి. మరీ ఎత్తైతే ఆడకూతురు బెంగెట్టుకుంటాది." గదిలో మనం చూసే రాతి సమాధి కూడా అసలుది కాదట. అసలుది దాని కింద నేలమాళిగలో ఉందట. "అయితే పైది షోకేసు, సరుకు గోడౌన్లో ఉందన్నమాట" అన్నాను. నా బుర్రకు ఉపమానాలు కొట్టు దాటి రావు. పైడమ్మ పొట్ట పట్టుకుని నవ్వింది. పై రాతి మీద చెక్కిన చదునైన పలకను చూపించి, అది ఆడవాళ్ళ సమాధికి గుర్తనీ, మగవాళ్ళదైతే కలం పెట్టె చెక్కుతారనీ చెప్పింది. "అంటే ఆడు రాస్తాడు, ఈమె మీద రాస్తాడు. అప్పుడూ అంతే, ఇప్పుడూ అంతే."

నవ్వులోనే ఆమె సొంత సంగతి కూడా బయటపడింది. ఆమె మామగారు పేరుపడ్డ సున్నం మేస్త్రి. నత్తగుల్లలు కాల్చడం, సున్నం నానబెట్టడం, గానుగలో ఇసకతో తిప్పడం, కరక్కాయ నీళ్ళు, బెల్లం నీళ్ళు పాళ్ళు చూసి కలపడం, రాయితో మెరుగు పెట్టడం అన్నీ కోడలికి నేర్పాడు. కానీ చెయ్యందినంత ఎత్తు వరకే. గుమ్మటం మీదికి ఆడది ఎక్కితే పగుళ్ళిస్తుందని ఆ పనివాళ్ళ నియమం. మామగారి తరవాత భర్త, భర్త తరవాత మరుదులు. ఎవరు ఎక్కినా సున్నం ఆమెదే, ఎక్కడం మాత్రం వాళ్ళది. ఇప్పుడు ఆ మరుదులూ లేరు. వాళ్ళ పిల్లలు విశాఖపట్నంలో సిమెంటు పనుల్లో ఉన్నారు.

"యాబై ఏళ్ళుగా కింద నిలబడి ముద్దలందించినాను. పైన ఎలగుంటాదో ఒక్కపాలి సూడాల, నా సేత్తో మెరుగెట్టాల. సిమెంటేసీసినాక ఇంక దాని మీదికి సున్నం ఎక్కదు. నాను కూడా ఎక్కను" అంది. ఆ ఒక్కసారే ఆమె గొంతులో నవ్వు లేదు.

నేను స్కూటరు దగ్గరికి వచ్చి చాలాసేపు తాళంచెవి తిప్పకుండా కూర్చున్నాను. మర్నాడు సిమెంటు ఖాయం చేసుకోవడానికి కమిటీ కూర్చుంటుంది. ఖాయమైతే నాకు ఆ ఏడాదికి పెద్ద అమ్మకం. ఇంటికెళ్ళి నాన్నతో చెప్పాను. ఆయన మోకాళ్ళకు తైలం రాసుకుంటూ విని, "ఒసే, మన సరుకు పనికిరాదని మనమే చెప్పడం ఏ షావుకారూ చెయ్యలేదే. చెప్పే పద్ధతి నాకు తెలీదు. నీకు తెలిస్తే వెళ్ళి చెప్పు" అన్నాడు. అది అనుమతో వెక్కిరింతో ఇప్పటికీ తేల్చుకోలేదు.

మర్నాడు కమిటీ అరుగు మీదే కూర్చుంది. పైడమ్మ చివర గుమ్మానికి ఆనుకుని నిలబడింది. నేను చెంబుతో నీళ్ళు తెప్పించి, రెండు గోడల మీదా చిలకరించి, ఆమె మాటలే నా మాటల్లా చెప్పాను. నాయుడుగారు సాంతం విన్నారు.

"బాగానే ఉన్నాదమ్మా. సున్నమే ఎయ్యొచ్చు. ఎన్నాళ్ళు పడతాది?"

పైడమ్మ చెప్పింది. నెల రోజులు నీళ్ళలో నానాలి. గానుగ తిప్పి, మూడు పూతలు వేసి, మెరుగు పెట్టేసరికి జాతర ముందు వారమవుతుంది. ఆ తరవాత ఇరవై రోజులు ఎండ తగలకుండా తడిగోనెలు కప్పి, పూటపూటా నీళ్ళు పోయాలి. అప్పుడే అది రాయవుతుంది.

కమిటీ అంతా ఒక్కసారి లేచింది. "జాతర నాడు తల్లి గోనెసంచులు కప్పుకునుంటాదా? సుట్టాలందరూ వచ్చి ఏటంతారు?" నాయుడుగారు చేతులు జోడించారు. "పైడమ్మా, నీ పని మంచిదే. కానీ మన తల్లి పేరేటి? బేగమ్మ! ఆమె పని బేగి అవ్వాలా, నీ సున్నం నానేదాకా కూకోవాలా? అమ్మాయ్, నువ్వు సిమెంటు పంపించీ."

పైడమ్మ చెంబు తీసుకుని పక్కకి తిరిగింది. ఆ తిరగడం నాకు నచ్చలేదు. కొనేవాడు కొట్టు దిగిపోతుంటే మా నోరు దానంతటదే తెరుచుకుంటుంది; మా రక్తంలో ఉంది. ఏం చెప్పబోతున్నానో తెలియకుండానే "బాబూ, గోనెలెందుకండీ? చీరలు కడదాం" అన్నాను.

"సీరలేటి?"

ఇక ఆగలేదు. "సాయిబులు సమాధికి దుప్పటి కప్పుతారు కదా. ఊరి ఆడవాళ్ళు గుమ్మటానికి చీర కడతారు. ఇంటికో నూలు చీర. అన్నీ కలిపి కుట్టి తల్లికి చుడతాం. మొక్కున్నవాళ్ళు ఏటి నుంచి బిందెతో నీళ్ళు తెచ్చి చీర మీద పోస్తారు. పొద్దున్నా సాయంత్రమూ. చీర తడి ఆరకూడదు, ఆరితే మొక్కు చెల్లదు. ఇరవై రోజులూ! ఈ జిల్లాలో ఏ జాతరకైనా ఉందా ఇలాంటిది?"

సున్నాన్ని నీడపట్టున తడిగా ఉంచడమే నేను అమ్మిన సరుకు. దానికి భక్తి అని చీటీ అంటించానంతే. కమిటీవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఎవరో వెనక నుంచి "పొందూరు సీరలైతే బాగుంటాది" అన్నారు. బేరం తెగిందని అప్పుడే నాకు తెలిసింది. వస్తువు రంగు గురించి మాట్లాడడం మొదలుపెట్టినవాడు కొన్నట్టే.

"సరే, అలగే కానీ" అన్నారు నాయుడుగారు. "మగోళ్ళు నలుగుర్ని ఎక్కిద్దాం, పూతకీ, సీర కట్టడానికీ..."

"బాబూ" అంది పైడమ్మ, మళ్ళీ ఇటు తిరిగి. "తల్లికి మగోళ్ళు సీర కడతారేటి?"

కమిటీవాళ్ళు నాయుడుగారి వైపు చూశారు.

"లోపల తొంగున్నది ఆడకూతురు. నవాబు కూడా ఆమెని పరదాలో ఉంచినాడంట. మీరు నలుగురూ పైకెక్కి సీర సుడతారా? తప్పు కాదేటి? సీర కట్టినోళ్ళే ముందర ఒళ్ళు తుడవాల, గందం రాయాల. సున్నమంటే గందమే కదా. మగోళ్ళు పరంజా కట్టండి, ముద్దలందించండి. పైన మేం సూసుకుంతాం."

నాయుడుగారు పరంజాకి ఎన్ని వెదుళ్ళు కావాలో లెక్కవేయడం మొదలుపెట్టారు. ఆడది ఎక్కకూడదన్న పాత నియమం ఒకటుందని ఎవరికైనా గుర్తొచ్చి ఉంటే, ఆ క్షణంలో పైకి అనే ధైర్యం ఎవరికీ లేకపోయింది. నేను చీర ఒక్కటే అమ్మాను. దాని కొంగుకు గుమ్మటం మొత్తం ముడివేసి పట్టుకెళ్ళింది ఆమె. తిరిగి వెళుతుంటే నా భుజం మీద చరిచి, "నీకు బేరం రాదే గుంటా. వచ్చినంత కాడికి తీసుకుని లేసిపోతావు. కాసింత ఆగాల" అంది. ఆ రోజు నుంచి నేను ఆమెను అప్పా అని పిలిచాను. మా వైపు అక్కకు అదే పిలుపు.

ఆ నెల నాకు జీవితంలో అన్నిటికన్నా పొడుగైన నెల. సున్నం గొయ్యి దగ్గరికి రోజూ వెళ్ళి "అయ్యిందా అప్పా?" అనేదాన్ని. "నీకేటి తొందర? అది నిన్నడిగిందా?" అనేది. మొదటిరోజు గుల్ల సున్నం మీద నీళ్ళు పోస్తే కుతకుతా ఉడికి పొగలు గక్కింది. వారానికి చల్లారి పిండయింది. నెలకు వెన్న అయింది. వేలితో తీసి చూపించింది. వేలికి అంటుకోలేదు, జారనూ లేదు. గానుగ రాయికి ఎద్దులు దొరక్కపోతే నాయుడుగారు తన ట్రాక్టరు కట్టించారు. అది మరీ వేగంగా తిరిగింది. పైడమ్మ డ్రైవరు పక్కన కూర్చుని, "ఒరే, ఎద్దు నడిసినట్టు నడపరా, నీకేటి బస్సెల్లిపోతందా?" అని రోజంతా తిట్టింది.

పై పూతనాడు ఆమె గుమ్మటం ఎక్కింది. అరవై దాటిన మనిషి. చీర గోచీ పోసి కట్టి, పరంజా మీద నిచ్చెన నిచ్చెనకీ ఒకసారి ఆగుతూ ఎక్కింది. కింద ఊరు ఊరంతా నిలబడింది. ఆమె వెనక నలుగురు ఆడవాళ్ళు. కలశం దాకా వెళ్ళి దాన్ని చేత్తో పట్టుకుని చుట్టూ చూసింది. ఏడుస్తుందేమో, దండం పెడుతుందేమో అనుకున్నాను.

"ఓలమ్మో!" అని పైనుంచి కేక. "ఒలే సావుకారమ్మా! ఇది గుండ్రంగా నేదే!"

"ఏంటి?"

"తూర్పేపు పొట్టుబికినాది! కిందనుంచి అవుపడదు. నవాబుగోరి మేస్త్రికి సెయ్యి తప్పినాది! మా మావ ఎక్కినాడు, మా ఆయన ఎక్కినాడు, ఒక్కడూ సెప్పనేదు సూడు! అందరూ కలిసి దాసినారు!"

గుమ్మటం మీద కూర్చుని ఆమె నవ్విన నవ్వు ఏటి అవతలి ఊరికి కూడా వినపడి ఉంటుంది. ఆడది ఎక్కకూడదన్న నియమం ఎందుకు పుట్టిందో ఆమెకు అప్పుడే తెలిసిపోయిందట. ఆ ఉబ్బును సరిచేస్తావా అని నాయుడుగారు కిందనుంచి అడిగితే, "దిద్దను. అంత పెద్ద మేస్త్రి తప్పు, ఉండనీ. ఉంటేనే నాలాటోళ్ళకి దైర్నం" అంది. పొద్దు వాలేదాకా రాయితో మెరుగు పెడుతూనే ఉంది. గుడ్డు తెల్లసొన కలిపిన ఆ పై పూత మీద రాయి తిరుగుతుంటే సన్నటి కూత వినిపించేది.

ఆ జాతర గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. గుమ్మటానికి చుట్టిన చీరలు తడితో బరువెక్కి, గాలికి అంచులు మాత్రం ఎగురుతుంటే, బిందెలు పట్టుకున్న ఆడవాళ్ళు తోట గోడ దాటి ఏటి దాకా బారులు తీరారు. అందుకు మూడు నెలల కిందట ఆ మొక్కు భూమ్మీద లేదు. జాతర మూడోరోజున ఒక పెద్దావిడ నా చెయ్యి పట్టుకుని, "మా అమ్మమ్మ కాలం నుంచీ ఉన్నాదమ్మా ఈ సీర మొక్కు" అని చెప్పింది. నేను భక్తిగా తల ఊపాను. ఇప్పటికీ ఏటా కడుతున్నారు. ఊరి పేరు ఎందుకు రాయలేదో తెలిసిందిగా.

ఇరవై ఒకటో రోజున చీరలు విప్పారు. ఆ గుమ్మటం తెల్లగా లేదు. పాల మీగడకు ఉండే రంగు. చెయ్యి పెడితే మిట్టమధ్యాహ్నం చల్లగా తగిలింది. ఆ ఏడు వానలకు లోపల ఒక్క చుక్క రాలలేదు. తొలి వాననాడు నేనూ పైడమ్మా ఆ గదిలో, రెండు గుమ్మటాల కింద కూర్చుని, వేయించిన వేరుశనక్కాయలు తింటూ పైకి చూస్తున్నాం. వాన బయటి గుమ్మటం మీదే ఆగిపోయి, ఎక్కడో దూరంలో పడుతున్నట్టు వినిపిస్తోంది.

"ఇదెన్నాళ్ళుంటుందప్పా?" అన్నాను.

"నువ్వూ నానూ ఉన్నన్నాళ్ళకి డోకా నేదు. ఆ తరవాత మల్లా ఎవులో ఎక్కాల." శనక్కాయ తొక్క ఊది, "అప్పుడు ఆళ్ళకి సున్నమో? ఈ గుల్లలు కాల్సీవోళ్ళే ఉండరు. నీ కొట్టెనక జాగా ఉన్నాది కదా. గొయ్యి తీసి సున్నం నానెయ్. పైన నీళ్ళు ఆరనీకు. ఎన్నేళ్ళు నానితే అంత మంచిది. ఎవులడిగినా..." అని, నా వైపు వేలు చూపించి, "అమ్మకు" అంది.

"ఎవరికీ అమ్మొద్దనా? లేక మన అమ్మకే, బేగమ్మకే ఇవ్వమనా?"

పైడమ్మ ఇంకో గుప్పెడు శనక్కాయలు నా చేతిలో పోసింది. ఆరేళ్ళ తరవాత, ఒక మధ్యాహ్నం తిని పడుకుని లేవలేదు. అప్పుడు కూడా ఆమె గోళ్ళలో సున్నం ఉంది.

మా గోడౌను వెనక ఆ గొయ్యి ఉంది. మూత తీసి నెలకోసారి నీళ్ళు నింపుతాను. సరుకు వచ్చిన రోజే బయటికి పంపేయాలని తపించే మనిషిని, ఏళ్ళుగా ఒక సరుకును కదపకుండా కాస్తున్నాను. కొనేవాడు ఇంకా పుట్టి ఉండడు. పాత ఇళ్ళు బాగుచేయించుకునే పెద్దమనుషులు వచ్చి అడుగుతారు, మంచి ధర చెబుతారు, మొహం చిట్లించి రెండడుగులు వెనక్కి కూడా వేస్తారు. నేను పిలవను. కొత్తగా చేరిన గుమాస్తా ఎక్కడ అమ్మేస్తాడోనని మూత మీద పెద్ద అక్షరాలతో రంగుతో రాశాను: అమ్మకు. గుమాస్తా దాన్ని ఒకలా చదువుతాడు. మా అమ్మాయి ఇంకోలా చదువుతుంది. నేను దిద్దను.